పెద్దల గొంతు దాచుకొనే పనిముట్లు

(మన సంఘ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



యీ సభలో మాట్లాడమని కార్యదర్శిగారు కబురు పెట్టినప్పుడు మేము జంకిన మాట నిజము. మేము రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవాళ్లము. చదువు మెట్రిక్యులేషనుతో సరి. పగలల్లా వే బిల్లులతో, రిజిస్టర్లతో కుస్తీ పట్టేవారికి ధ్వనిశాస్త్రము మీద నిలబడి చెప్పే అధికారము యెక్కడిది? ఆ మాటే వారితో అన్నాము. “చదివినది చెప్పవద్దులేవయ్యా, చేసినది చెప్పు” అన్నారు. చేసినది చెప్పటానికి చదువు అక్కరలేదు గనుక వొప్పుకున్నాము. యీ పని వొక్కరి చేతి మీద జరిగినది కాదు. మా యింటివారు, మా కాలనీ కుర్రవాళ్లు యిద్దరు కలిసి చేసినది. అందుచేత చెప్పేటప్పుడు ‘మేము’ అనే చెబుతాము.

మన సంగతి మీకు తెలియనిది కాదు. 1890ల నాట తూర్పు కోస్తా రైలుదారి పడినప్పటినుంచి యీ దారి వెంబడి మనవాళ్లు పనులకు వస్తూనే వున్నారు. మా తాతగారు విజయనగరం వైపునుంచి గాంగు పనికి వచ్చి, ఖుర్దా రోడ్డు దగ్గర జట్నీలో కాపురం పెట్టారు. నాన్నగారు యిక్కడే పుట్టారు, మేమూ యిక్కడే పుట్టాము. మా అమ్మాయి ఒడియా బడిలో చదువుతున్నది. యింట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఆఫీసులో హిందీ. యిది మనలో చాలా యిళ్ల కథే.

మా యింట్లో తాతగారి నాటి రేకు ట్రంకుపెట్టె వొకటి వున్నది. అందులో 14 క్యాసెట్లు. నాన్నగారు టేపురికార్డరు కొన్న కొత్తలో పండుగకీ పబ్బానికీ దానిని మధ్యన పెట్టి అందరి మాటలూ పట్టేవారు. 1999 అక్టోబరు 29న ఒడిషా తీరముపై పెనుతుపాను పడినప్పుడు ఆ పెట్టె కూడా తడిసింది. కొన్నింటికి బూజు పట్టింది. అయినా పారవేయటానికి యెవరికీ మనసు రాలేదు. ఆ 14లో మాకు ప్రాణము వంటివి రెండు. వొకటి 1996, ధాత నామ సంవత్సర ఉగాదినాడు మా మామ్మ పచ్చడి కలుపుతూ చెప్పిన కబుర్లు. రెండవది తాతగారు తాను మొదటిసారి రైలెక్కి యీ వూరు వచ్చిన వైనము చెప్పినది. యిద్దరూ యిప్పుడు లేరు.

ముందు తాతగారి టేపు సంగతి చెబుతాము. 2009లో మా టేపురికార్డరు మూలపడింది. పట్నములో వొక దుకాణమువారు క్యాసెట్లను సీడీలుగా మార్చి యిస్తామంటే, ఆ వొక్క టేపు వారికి యిచ్చాము. పది రోజులకు సీడీ యిచ్చారు. టేపు అడిగితే, “సీడీ వచ్చింది కదా, పాతది యెందుకు? పారవేశాము” అన్నారు. దుకాణము పేరు యిక్కడ అనవసరము. తప్పు వారిది కొంత, అడగకుండా వచ్చిన మాది కొంత. సీడీలో తాతగారి మాట వినబడుతున్నది కదా అని సరిపెట్టుకున్నాము. ఆ సరిపెట్టుకోవటములో యెంత పోయినదీ పదేళ్లకు పైగా మాకు తెలియలేదు. యెట్లా తెలిసినదీ చెప్పాలంటే, శబ్దము కంప్యూటరులోకి యెట్లా వెళ్లుతుందో ముందు రెండు ముక్కలు చెప్పాలి.

శబ్దమంటే గాలి వణుకు. ఆ వణుకు యే క్షణములో యెంత వున్నదో కొలిచి, అంకె వేసి, వరసగా వ్రాసుకుంటూ పోతే అదే డిజిటల్ ధ్వని. సీడీ లెక్కలో సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ప్రతి కొలతకూ 65,536 మెట్లున్న కొలబద్ద. సెకనుకు అన్నిసార్లు యెందుకంటారా? మనిషి చెవి వినగలిగిన అతి సన్నని శబ్దము సెకనుకు సుమారు 20,000 వణుకులది. వొక వణుకును పట్టుకోవాలంటే దానిని రెండుసార్లకు మించి కొలవాలి. అందుచేత 40,000 దాటవలసి వచ్చినది. యిందులో మనము గుర్తు పెట్టుకోవలసిన సూత్రము వొక్కటే: సెకనుకు యెన్నిసార్లు కొలిస్తే, అందులో సగము వరకే మనకు దక్కుతుంది. ఆ పైనున్నది పోయినట్లే.

యిక బొమ్మ సంగతి. మన రైల్వేవారికి యిది చెప్పటము తేలిక. కంట్రోలాఫీసులో చార్టు చూసినవారు మీలో చాలామంది వున్నారు. వెనుక చేత్తో గీసేవారు, యిప్పుడు కంప్యూటరే గీస్తున్నది. యెడమనుంచి కుడికి కాలము, కిందనుంచి పైకి స్టేషన్లు. గీత చూడగానే యే బండి యెక్కడ ఆగినదీ, యెక్కడ పరుగెత్తినదీ కంట్రోలరుకు కళ్లకు కట్టినట్లు వుంటుంది. శబ్దానికి కూడా అటువంటి చార్టు వున్నది. దానిని స్పెక్ట్రోగ్రాము అంటారు. యెడమనుంచి కుడికి కాలమే. కిందనుంచి పైకి మాత్రము స్టేషన్లకు బదులు స్వరము యొక్క హెచ్చుతగ్గులు: కింద బొంగురు, పైన సన్నము. యెక్కడ బలమున్నదో అక్కడ వెలుగు, లేనిచోట చీకటి. యెంత కలగాపులగమైన కంపనమునైనా సాదా వణుకులుగా విడదీయవచ్చునన్న గణితము ఫ్రాన్సు దేశస్థుడు ఫోరియర్ 1822లో ప్రచురించిన వేడిమి గ్రంథములోనిది. ఆ లెక్కను కంప్యూటరు చిటికెలో చేసే పద్ధతిని 1965లో కూలీ, టూకీ అనే యిద్దరు ప్రకటించారు. 1940లలో యిటువంటి బొమ్మ గీయటానికి బెల్ ప్రయోగశాలలో ప్రత్యేకముగా యంత్రము కట్టవలసి వచ్చినది. యీవాళ మన కాలనీలో కుర్రవాడి పాత ల్యాప్‌టాపు గీస్తున్నది. పైసా ఖర్చు లేదు.

ఆ పైసా ఖర్చు లేని పనిముట్ల పేర్లు చెబుతాము. మొదటిది ఆడాసిటీ. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో 1999లో మొదలై, 2000లో లోకానికి వచ్చినది. శబ్దము పట్టటము, కత్తిరించటము, శుభ్రము చేయటము, బొమ్మ చూడటము అన్నీ యిందులోనే. రెండవది వీఎల్‌సీ, నారింజరంగు దారి కోను గుర్తుది. 1996లో పారిస్ నగర విద్యార్థులు మొదలుపెట్టినది. వినటానికి యిది చాలు. పాటకు తగ్గట్లు యెగిరే రంగుబొమ్మలు కూడా చూపుతుంది, పిల్లలకు సరదా. మూడవది సోనిక్ విజువలైజర్, లండనులోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయమువారిది. బొమ్మ మీద పొరలు పొరలుగా గుర్తులు వ్రాసుకోవచ్చు: యిక్కడ మామ్మ నవ్వింది, యిక్కడ కుక్కరు కూసింది అని. నాలుగవది ప్రాట్. డచ్చి భాషలో ఆ మాటకు ‘మాట్లాడు’ అని అర్థము. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయములో బోర్స్మా, వేనింక్ అనే యిద్దరు చేసినది. పాటకంటె మాటను పరీక్షించటానికి పుట్టినది. భాషాశాస్త్రజ్ఞులు వాడేది, గుమాస్తాలూ వాడవచ్చు.

ఆడాసిటీ దించుకున్న రాత్రి సరదాకు తాతగారి సీడీని అందులో తెరిచి, స్పెక్ట్రోగ్రాము మీట నొక్కాము. కింద అంతా వెలుగే. 5,500 దగ్గరికి వచ్చేసరికి కత్తితో కోసినట్లు గీత. ఆ పైన వొట్టి చీకటి. మొదట మాకు అర్థము కాలేదు. తరువాత లెక్క వేస్తే తెలిసింది. దుకాణమువారు చోటు కలిసివస్తుందని సెకనుకు 11,025 సార్లు మాత్రమే కొలిచారు. దానిలో సగము 5,512. మేము చెప్పిన సూత్రము అదే. ఆ పైనున్న తాతగారి గొంతు, మాటల కొసల్లోని గాలి, పళ్ల మధ్యనుంచి వచ్చే సకారాల సన్నదనము అంతా ఆ పారవేసిన టేపుతోనే పోయినది. చెవికి యిన్నేళ్లు తెలియనిది కంటికి వొక్క క్షణములో తెలిసినది. ఆ రాత్రి మా యింట్లో యెవరికీ సరిగా నిద్ర పట్టలేదు.

అప్పుడు నిశ్చయించుకున్నాము, మామ్మ టేపు యిక యెవరి చేతికీ యివ్వము, మేమే చేస్తామని. తెలిసినవారి దగ్గర టేపురికార్డరు అరువు తెచ్చి, దాని హెడ్‌ఫోను రంధ్రమునుంచి తీగ తీసి, కంప్యూటరుకు తగిలించే చిన్న యూఎస్‌బీ పెట్టెలో పెట్టాము. టేపు గంటైతే పని కూడా గంటే. మేలు బండిని తొందరపెట్టవచ్చునేమోగాని టేపును తొందరపెట్టరాదు. సెకనుకు 44,100 చొప్పున పట్టుకున్నాము. పట్టిన దానిని పట్టినట్లు దాచి, దాని నకలు మీద శుభ్రము చేయటానికి కూర్చున్నాము. నకలు మీద అన్న మాట గుర్తుంచుకోండి. మమ్మల్ని కాపాడినది ఆ మాటే.

పాత టేపుకు ‘స్‌స్‌’ మని రొద వుంటుంది. ఆడాసిటీలో దానిని తగ్గించే పనిముట్టు వున్నది. యెవరూ మాట్లాడని చోట రెండు క్షణాలు చూపి, “రొద అంటే యిదీ” అని ముందు పరిచయము చేయాలి. ఆ తరువాత టేపంతటా ఆ రొదను మించి పైకి లేవని శబ్దాన్నల్లా అది అణుస్తుంది. యెంత అణచాలో మనము చెప్పాలి. వారు 12 అని పెట్టి వుంచారు. మేము ఆశకొద్దీ 30 పెట్టాము. విని చూస్తే అద్దములాగా వున్నది, రొద అన్నది లేదు. యింతకంటె యేమి కావాలని, మరునాడు మా మేనత్తను పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, వాళ్ల అమ్మ గొంతు వినిపించాము.

అత్త కాసేపు తల వంచుకు విన్నది. కళ్లు చెమరుస్తాయనుకున్నాము. తల యెత్తి, “గొంతు అమ్మదేరా. కాని మా అమ్మకు పోయేదాకా పళ్లు గట్టిగానే వున్నాయి కదర్రా, యిందులో బోసినోటితో మాట్లాడినట్టున్నదేమిటి?” అన్నది. మేము నవ్వాము గాని అత్త నవ్వలేదు. “చాలు అనదు, చాప అనదు. యేదో నాలుక మడతపడ్డట్టు అంటోంది. యిది మా అమ్మ మాట కాదు” అని లేచి వెళ్లిపోయింది.

ఆ రాత్రి మళ్లీ కూర్చున్నాము. ఆ రొద పనిముట్టులోనే మరొక మీట వున్నది. తీసివేయగా మిగిలినది కాక, తీసివేయబోయేది యేమిటో దానినే వినిపిస్తుంది. అది నొక్కి విన్నాము. అమ్మలారా, అయ్యలారా, ఆ రొదలో మా మామ్మ వున్నది! పూర్తి మాట కాదు. ‘ౘ్, స్, ౘ్’ అని ముక్కలు ముక్కలుగా, గాలిలో గుసగుసలాగా. చెత్త అనుకొని మేము వూడ్చిపారేసిన దానిలో ఆమె పళ్ల సందున పలికే అక్షరాలన్నీ వున్నవి. కారణము తరువాత తెలిసింది. టేపు రొద చెవికి యెక్కువగా తగిలేది సన్నని స్వరముల చోటే. మన సకారము, ౘకారము వుండేదీ సరిగ్గా అక్కడే. గట్టిగా వూడ్చితే రెండూ కలిసి పోతాయి.

ౘకారము సంగతి పిల్లలకోసము రెండు మాటలు. మన తెలుగులో చకారాలు రెండు. ‘చేప’ అన్నప్పుడు నాలుక అంగిటికి తగిలి పలికేది వొకటి. ‘చాప’, ‘చాలు’, ‘చుట్టము’, ‘చారు’ అన్నప్పుడు నాలుక కొస పళ్ల దగ్గరికి పోయి పలికేది మరొకటి. జకారానికీ అంతే: ‘జీతము’ వేరు, ‘జాబు’ వేరు. మన సొంత మాటల్లో ఇ, ఈ, ఎ, ఏల ముందు మొదటిది. అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓల ముందు రెండవది. చంద్రుడు, జనకుడు వంటి సంస్కృతపు మాటలకు యీ నియమము లేదు. వెనుకటి పుస్తకాలలో రెండవదానికి అక్షరము మీద గుర్తు పెట్టి అచ్చువేసేవారు. యిప్పుడు గుర్తు పోయినది. బళ్లో ఒడియా చకారము నేర్చిన మా అమ్మాయికి రెండూ వొకటే: చేపకూ చాపకూ వొకే ‘చ’. షోలాపురములోని మనవాళ్ల పిల్లలకు యీ బెంగ తక్కువ, మరాఠీలోనూ యీ రెండు పలుకులూ వున్నవి. కన్నడము, తమిళముల మధ్య పెరిగే పిల్లలకు మాత్రము మా అమ్మాయి గతే. పుస్తకములో గుర్తు లేక, వీధిలో వినికిడి లేక, యీ పలుకు వొక్క పెద్దల నోటనే మిగిలినది. అచ్చులో లేనిదానిని దాచగలిగినది శబ్దమొక్కటే గదా! ఆ శబ్దములోనుంచి కూడా మేము దానిని వూడ్చివేశాము.

పట్టిన ప్రతి పట్టినట్లు దాచి వుంచాము గనుక బతికిపోయాము. మళ్లీ మొదటినుంచి నకలు తీసి, యీసారి 30కి బదులు 6 పెట్టాము. రొద కొంచెము వుండిపోయింది, వుండనిచ్చాము. కరెంటు ‘గుం’కారము మన దేశములో 50 దగ్గర, దాని రెట్టింపులైన 100, 150 దగ్గర వుంటుంది. మాటకు దెబ్బ తగలకుండా అక్కడ మాత్రము సన్నగా గాటు పెట్టి తీశాము. తరువాత మా అమ్మాయిని కూర్చోబెట్టి ‘చాప, చేప’ అనిపించి పట్టి, మామ్మ మాటలతో పక్కపక్కన ప్రాట్‌లో పెట్టి చూశాము. మామ్మ ‘చాప’ మొదట్లో వెలుగు 4,000 పైనుంచి లేచి ఆకాశానికి పోయినట్లు వున్నది. ‘చేప’లో కిందనే, 3,000 లోపునుంచే మొదలయింది. అమ్మాయివి రెండూ కిందనే. అమ్మాయి ఆ బొమ్మ చూసి, “మామ్మది పైకి పోయింది, నాది పోలేదేం?” అన్నది. చెవితో చెప్పితే పది సార్లు వినని పిల్ల, గీత పైకి పోయేదాకా నలభై సార్లు ‘చాప, చాప’ అన్నది. రెండవ ఆదివారానికి పోయింది.

టెలిఫోను సంగతి కూడా యిందులోనే తేలిపోతుంది. పాత టెలిఫోను పద్ధతిలో 300నుంచి 3,400 వరకే శబ్దము సాగేది. అందుకే ఫోనులో పేరు చెప్పేటప్పుడు సకారమో ఫకారమో తెలియక ‘సీతలో స’ అని అరవవలసి వచ్చేది. పెద్దల మాట పట్టదలచినవారు ఫోను కాలును పట్టి దాచితే చాలదు. యెదురుగా కూర్చుని పట్టాలి.

యిక యీ పనిముట్లు వూరికే యెందుకు యిస్తున్నారన్న ప్రశ్న. నాన్నగారు అదే అడిగారు, “వూరికే యిచ్చేదానిలో యేదో మెలిక వుంటుంది” అని. ఇంగ్లీషులో వొకే మాటకు వెల లేనిదనీ, స్వేచ్ఛ గలదనీ రెండర్థాలు వుండటముచేత చిక్కు వచ్చినది. మనకు వుచితమని వొక మాట, స్వేచ్ఛ అని మరొక మాట వున్నవి గనుక చిక్కు లేదు. యివి వుచితమే, కాని అసలు సంగతి స్వేచ్ఛ. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయన అమెరికాలో యీ వుద్యమము ప్రకటించాడు. సాఫ్ట్‌వేరును దేనికైనా వాడుకొనే స్వేచ్ఛ, అది యెట్లా పనిచేస్తున్నదో లోపలి వ్రాత చూసి మార్చుకొనే స్వేచ్ఛ, నకళ్లు పంచే స్వేచ్ఛ, మార్చినదానిని కూడా పంచే స్వేచ్ఛ: యీ నాలుగూ వుండాలన్నాడు. 1989లో దానికి లైసెన్సు పత్రము కూడా వచ్చినది. మన ఉగాది పచ్చడి వున్నదే, అటువంటిదే అనుకోండి. యెవరి సొత్తూ కాదు. వొకరింట అరటిపండు వేస్తారు, వొకరింట కారము వేస్తారు, చేసినది పక్కింటికి పంపుతారు. వద్దనే హక్కు యెవరికీ లేదు.

మెలిక అసలే లేదనము. 2021లో ఆడాసిటీని మ్యూజ్ గ్రూప్ అనే కంపెనీ తన చేతిలోకి తీసుకున్నది. వాడేవారి వివరాలు సేకరిస్తారేమోనని ఆ యేడు పెద్ద చర్చ జరిగినది. కంపెనీవారు తమ నిబంధనలు తిరిగి వ్రాశారు. అయినా నచ్చనివారు అదే మూలవ్రాత తీసుకొని టెనాసిటీ అని వేరే పనిముట్టు చేసుకున్నారు. లైసెన్సు స్వేచ్ఛనిచ్చినది గనుకనే ఆ దారి వున్నది. మా తాతగారి టేపు విషయములో మాకు లేనిదీ ఆ దారే. దుకాణమువారు యేమి చేశారో చూసే వీలు లేదు, మళ్లీ చేసుకొనే వీలు లేదు. యిచ్చినది పుచ్చుకొని రావటమే.

మీలో యెవరింట క్యాసెట్లు వున్నా యీ సంగతులు వ్రాసుకోండి. మేము తప్పులు చేసి నేర్చుకున్నవి.

మొదటిది: క్యాసెట్టు వెనుక అంచున రెండు చిన్న రెక్కలు వుంటాయి. వాటిని విరిచివేయండి. పొరపాటున రికార్డు మీట నొక్కినా పాతది చెరగదు. బూజు పట్టిన టేపును ఆడించవద్దు, ముందు తెలిసినవారికి చూపండి. మంచిదానినైనా మొదట వొకసారి చివరిదాకా చుట్టి, వెనక్కు చుట్టండి. టేపురికార్డరు తలను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదిపుల్లతో తుడవండి. మాట మందముగా వుంటే టేపు తప్పని అప్పుడే అనకండి. తల వంకరగా వుంటే సన్నని స్వరములే ముందు పోతాయి. తల పక్కన మర వుంటుంది. దానిని వెంట్రుకవాసి తిప్పుతూ, మాట తేటపడేచోట ఆపండి.

రెండవది: పట్టేటప్పుడు మీటరు యెర్రరంగు తాకనివ్వవద్దు. అంకెల కొలబద్దకు పై మెట్టు దాటితే మాట విరిగిపోతుంది, తరువాత అతకదు. బాగా గట్టిగా వున్నచోట కూడా 6 డెసిబెల్సు జాగా వుంచండి. కొంచెము తగ్గు స్వరాన పట్టినా నష్టము లేదు.

మూడవది: పట్టినది పట్టినట్లు దాచండి. ఎంపీత్రీ చోటు తక్కువ తీసుకొనే మాట నిజమే, కాని చెవికి తెలియదని కొంత పారవేస్తుంది. 2001లో వచ్చిన ఫ్లాక్ అనే పద్ధతి సుమారు సగము చోటులోనే సర్దుతుంది, వొక్క అంకె కూడా పోనివ్వదు. వొక గంట టేపు వొంటి మార్గములో పట్టితే దాదాపు 318 మెగాబైట్లు. మా 14 క్యాసెట్లు కలిపి 5 గిగాబైట్ల లోపే. యీనాటి చిటికెన వేలంత పెన్‌డ్రైవులో పట్టి యింకా చోటు మిగిలినది. మూడు ప్రతులు చేయండి, అందులో వొకటి వేరే వూళ్లో చుట్టాల యింట వుంచండి. తుపాను వస్తే మన ట్రంకుపెట్టె తడిసినా వారిది తడవదు.

నాలుగవది: ఫైలుకు పేరు పెట్టండి. యెవరి గొంతు, యే వూరు, యే యేడు, యే పండుగ. పేరు లేని గొంతు పదేళ్లకు యెవరిదో తెలియకుండా పోతుంది. మా పెట్టెలోనే వొక క్యాసెట్టులో వొక పెద్దాయన అరగంట మాట్లాడారు. యెంత చక్కని మాటో! యెవరో తెలియదు. తెలిసినవారు యిప్పుడు లేరు.

అయిదవది, అన్నిటికంటె ముఖ్యము: శుభ్రము చేసిన తరువాత, ఆ మనిషిని యెరిగిన పెద్దవారికి వొకసారి వినిపించండి. యంత్రము రొద యేదో చెబుతుంది, బొమ్మ వెలుగు యెక్కడున్నదో చూపుతుంది. అమ్మకు పళ్లున్నాయన్న సంగతి అత్తకు తప్ప యే యంత్రానికీ తెలియదు.

ఆ అత్తకు మేము రెండవసారి వినిపించామా అని మీరు అడుగుతారు. వినిపించాము. రొదతోనే వినిపించాము. మామ్మ వేపపువ్వు దులుపుతూ, “చాల్లే, చాల్లే, బెల్లం చాల్లే” అన్నచోట అత్త చేయి యెత్తి ఆపమన్నది. “మళ్లీ వెయ్యి” అన్నది. మళ్లీ వేశాము. ఆ పూట ఆ నాలుగు మాటలే పదిసార్లు వేయవలసి వచ్చినది. వెళ్లేటప్పుడు, “మీ తాతదీ యిట్లాగే చెయ్యండర్రా” అన్నది. ఆ టేపు సంగతి అత్తకు మేము యింకా చెప్పలేదు.

సభవారికి మా విన్నపము వొక్కటే. నెలనెలా మూడవ ఆదివారము సాయంత్రము మన సంఘపు గదిలో మేము ముగ్గురము టేపురికార్డరుతో, కంప్యూటరుతో కూర్చుంటాము. మీ క్యాసెట్లు మీరే తీసుకొని రండి, పక్కనే కూర్చోండి, పని అయ్యాక మీ టేపు మీరే తీసుకొని వెళ్లండి. పెన్‌డ్రైవు మీది, టీ సంఘముది. రుసుము లేదు. మీ పిల్లలను కూడా తీసుకొని రండి. వాళ్లు రెండు ఆదివారాలలో నేర్చుకుంటారు, మాకు ఆరు నెలలు పట్టింది. క్యాసెట్లు లేనివారు మీ యింటి పెద్దవారినే తీసుకొని రండి. వారికి కుర్చీ వేస్తాము, యెదురుగా కూర్చుని పట్టుకుంటాము.